ఆ మాత్ర చేసే పని ఒక్కటే

పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఇంట్లోకి వచ్చే ఒక చిన్న మాత్ర గురించి ఈ రోజు చెప్పుకుందాం. దాని పేరు లెట్రోజోల్. రెండున్నర మిల్లీగ్రాముల మాత్ర. నెలలో ఐదు రోజులే వేసుకోవాలి. పెళ్ళయి రెండేళ్ళయినా నెల నిలవలేదని ఆస్పత్రికి వెళ్ళి, అండం సరిగ్గా విడుదల కాని పీసీఓడీ ఉందని తేలినవాళ్ళకి డాక్టరు మొదట రాసేది సాధారణంగా ఇదే.

చీటీ తీసుకుని ఇంటికొస్తారు. భర్త ఫోన్లో ఆ పేరు కొట్టి చూస్తాడు. రొమ్ము క్యాన్సర్ మందు అని వస్తుంది. ఇంట్లో అందరికీ గుండె గుభేలుమంటుంది. క్యాన్సర్ ఉందని మన దగ్గర దాచారా? వేరేవాళ్ళ చీటీ మనకిచ్చారా? మాత్రలు అలమరలోనే ఉండిపోతాయి. ఆ నెల కాస్తా గడిచిపోతుంది.

కంగారు పడకండమ్మా. ఫోన్ చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే సగమే చెప్పింది. ఈ మందుకి 1997లో అమెరికాలో అనుమతి వచ్చింది రొమ్ము క్యాన్సర్ కోసమే. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ళకి ఇచ్చేవాళ్ళు. అది ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ని తగ్గిస్తుంది. కొన్ని రకాల రొమ్ము క్యాన్సర్లు ఆ ఈస్ట్రోజన్ మీదే బతుకుతాయి. అందుకని అక్కడ రోజూ వేసుకోవాలి, ఏళ్ళ తరబడి. మనకి మాత్రం ఐదు రోజులే.

కెనడాలో టొరంటో నగరంలో మిత్వాలీ, కాస్పర్ అనే ఇద్దరు డాక్టర్లు ఉండేవారు. ఈస్ట్రోజన్‌ని కొద్ది రోజులు తగ్గించి వదిలేస్తే ఏమవుతుందని వాళ్ళు ఆలోచించారు. అండం విడుదల కాని ఆడవాళ్ళకి ఇచ్చి చూశారు. అండం విడుదలైంది. ఆ సంగతి 2001లో ప్రచురించారు. ఈ మాత్ర మన దారికి వచ్చింది అలాగే.

ఇక్కడ ఈ రోజుకి ముఖ్యమైన మాట చెబుతాను. ఈ మాత్ర చేసే పని ఒక్కటే. అండాన్ని పెంచి విడుదల చేయించడం. అంతే. గర్భం నిలపడం దాని చేతిలో లేదు. మళ్ళీ చెబుతున్నాను. అండం విడుదల చేయించడం, అంతవరకే. ఈ ఒక్క మాట తెలిస్తే ఎవరికి ఇది పనికొస్తుందో, ఎప్పుడు వేసుకోవాలో, స్కాన్ ఎందుకో, అన్నీ వాటంతటవే తెలుస్తాయి.

ముందు అది పని చేసే తీరు చూద్దాం. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు ఉంటుంది కదా. ఇప్పుడు చాలా ఇళ్ళల్లో మోటారు దానంతటదే ఆగిపోయేలా పెట్టిస్తున్నారు. ట్యాంకులో ఒక సెన్సర్ ఉంటుంది. నీళ్ళు పైకి రాగానే కింద మోటారు ఆగుతుంది. నీళ్ళు తగ్గితే మళ్ళీ మొదలవుతుంది.

ఒంట్లో కూడా అలాంటి ఏర్పాటే ఉంది. మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. మోటారు అదే. అది ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని పంపుతుంది. ఆ హార్మోన్ వల్ల అండాశయంలో అండం ఉన్న చిన్న నీటితిత్తి పెరుగుతుంది. స్కాన్ గదిలో మీరు వినే ఫాలికల్ అనే మాట దాని గురించే. ఫాలికల్ పెరిగేకొద్దీ ఈస్ట్రోజన్ పెరుగుతుంది. ట్యాంకులో నీళ్ళన్నమాట. నీళ్ళు చాలినంత ఉన్నాయని మెదడుకి తెలియగానే మోటారు నెమ్మదిస్తుంది.

పీసీఓడీలో చిన్న చిన్న ఫాలికల్స్ బోలెడు ఉంటాయి. ఏ ఒక్కటీ ముందుకు రాదు. అండం విడుదల కాదు. అందుకే నెలసరి కూడా రెండు నెలలకో, మూడు నెలలకో వస్తుంది. అక్కడ మోటారు ఇంకాస్త గట్టిగా తిరగాలి. లెట్రోజోల్ ట్యాంకులో నీళ్ళు తాత్కాలికంగా తగ్గిస్తుంది. మోటారు తిరుగుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ వస్తుంది. ఒక ఫాలికల్ పెరుగుతుంది. ఐదు రోజులవగానే మాత్ర ఆపేస్తాం. కొద్ది రోజుల్లో మందు ఒంట్లోంచి పోతుంది. పెరిగిన ఫాలికల్ ఈస్ట్రోజన్‌తో ట్యాంకు మళ్ళీ నిండుతుంది. మోటారు తగ్గుతుంది. మిగతా ఫాలికల్స్ ఎండిపోతాయి. ఎక్కువసార్లు ఒక్క అండమే మిగులుతుంది.

దీనికి ముందు క్లోమిఫిన్ ఉండేది. ఇప్పటికీ ఉంది. అమెరికాలో 1967 నుంచీ వాడుకలో ఉన్న మందు. మీ అమ్మలు, అత్తలు వాడి ఉండొచ్చు. అది నీళ్ళు తగ్గించదు. సెన్సర్‌ని మూసేస్తుంది. నీళ్ళున్నా మెదడుకి కనపడవు. మోటారు తిరుగుతూనే ఉంటుంది. పైగా ఆ మందు ఒంట్లో వారాల తరబడి ఉంటుంది. అందువల్ల రెండు మూడు ఫాలికల్స్ కలిసి పెరగొచ్చు. కవలలు పుట్టే అవకాశం ఎక్కువ. కొందరిలో గర్భసంచి లోపలి పొర కూడా పల్చబడుతుంది. బిడ్డ నాటుకోవాల్సింది ఆ పొరలోనే. ఈ తేడా వల్లే పీసీఓడీ ఉన్నవాళ్ళకి ఇప్పుడు ముందు లెట్రోజోల్ రాస్తున్నారు. ఊరికే అనుకుని రాయడం లేదు. అమెరికాలో 750 మంది పీసీఓడీ ఆడవాళ్ళ మీద పెద్ద పరిశోధన చేశారు. 2014లో ఫలితం వచ్చింది. ఐదు నెలల వరకూ మందు వాడారు. క్లోమిఫిన్ వాడినవాళ్ళలో వందకి 19 మంది బిడ్డని ఎత్తుకున్నారు. లెట్రోజోల్ వాడినవాళ్ళలో వందకి సుమారు 27 మంది.

ఈ లెక్క ఇంకోవైపు నుంచి కూడా వినండి. మెరుగైన మందు వాడినా, ఐదు నెలలు వాడినా, వందలో 70 మందికి పైగా ఆ గడువులో బిడ్డ పుట్టలేదు. కాబట్టి మొదటి నెలలోనే నిలవలేదని కోడలిని నిందించే అత్తగార్లు ఉంటే, దయచేసి రేడియో దగ్గరికి రండి. ఇది వాళ్ళు వినాల్సిన మాట.

మన దేశంలో ఈ మందుకి ఒక కథ ఉంది. 2005లో కెనడా నుంచే ఒక నివేదిక వచ్చింది. ఈ మందుతో పుట్టిన 150 మంది పిల్లల్లో కొన్ని అవయవ లోపాలు ఎక్కువ కనిపించాయని అందులో చెప్పారు. కానీ వాళ్ళని ఎవరితో పోల్చారు? ఏ ఇబ్బందీ లేకుండా గర్భం నిలిచిన, వయసు తక్కువున్న తల్లుల పిల్లలతో. అది సరైన పోలిక కాదు. మరుసటి ఏడాది 911 మంది పసిపిల్లలని చూశారు. కొందరి తల్లులు లెట్రోజోల్ వాడారు, కొందరు క్లోమిఫిన్ వాడారు. లెట్రోజోల్ వల్ల లోపాలు ఎక్కువైనట్టు తేలలేదు. అయినా 2011లో మన కేంద్ర ఆరోగ్య శాఖ సంతాన చికిత్సలో దీన్ని వాడొద్దని నిషేధించింది. 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. ఒకప్పుడు ఎవరో వద్దన్నారని మీ ఇంట్లో పెద్దలు అంటే, వాళ్ళు విన్నది నిజమే. ఇప్పుడు ఆ నిషేధం లేదు. అయితే ఒక జాగ్రత్త మాత్రం మిగిలే ఉంది. గర్భం ఉన్నప్పుడు ఈ మాత్ర వేసుకోకూడదు. అందుకే నెలసరి సరిగ్గా రాని అమ్మాయికి మాత్ర మొదలుపెట్టే ముందు మూత్ర పరీక్ష చేస్తారు.

ఇప్పుడు మన ముఖ్యమైన మాటకి వద్దాం. మాత్ర అండాన్ని విడుదల చేయిస్తుంది, అంతవరకే. మరి అండం ప్రతి నెలా విడుదలవుతూనే ఉన్న అమ్మాయికి? నెలసరి ఇరవై ఎనిమిది, ముప్పై రోజులకి ఠంచనుగా వచ్చే అమ్మాయికి? ఆమె ఈ మాత్ర తనంతట తాను వేసుకుంటే ఒరిగేది చాలా తక్కువ. ఆమెకి అడ్డు ఇంకెక్కడో ఉంది.

ఎక్కడ ఉండొచ్చు? అండం గర్భసంచికి చేరే ట్యూబులు మూసుకుపోయి ఉండొచ్చు. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి క్షయ ఒక పెద్ద కారణం. దగ్గు లేకపోయినా, ఊపిరితిత్తులు బాగున్నా, క్షయ గర్భసంచికీ ట్యూబులకీ పాకొచ్చు. అండం చక్కగా విడుదలైనా దారి లేకపోతే ఏం లాభం? ట్యూబుల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసే పరీక్ష ఉంది. ఆస్పత్రిలో హెచ్‌ఎస్‌జీ అంటారు.

లేకపోతే, అడ్డు భర్త దగ్గర ఉండొచ్చు. ఇక్కడ కొంచెం ఆగి మాట్లాడాలి. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక లోపం ఉంటుంది. మరి మన ఇళ్ళల్లో ఏం జరుగుతుంది? ఆమెకి రక్త పరీక్షలన్నీ చేయిస్తారు. స్కాన్లు తీయిస్తారు. మాత్రలు మింగిస్తారు. అతని వీర్య పరీక్ష మాటెత్తితే, నాకేం తక్కువ అంటాడు. చవకైన పరీక్ష అది. కోత లేదు, సూది లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకి దూరంగా ఉండి నమూనా ఇస్తే సరిపోతుంది. భార్య ఒక్క మాత్ర మింగకముందే భర్త ఆ పరీక్ష చేయించుకోవాలి. ఇది నా అభిప్రాయం అనుకున్నా సరే, వైద్య పద్ధతి అనుకున్నా సరే.

భర్తలకి ఇంకో మాట. జిమ్ముకి వెళ్ళే కుర్రాళ్ళు కొందరు కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నారు. మగతనం పెరుగుతుందని అనుకుంటారు. బయట నుంచి ఆ హార్మోన్ ఎక్కిస్తే లోపల వీర్యకణాల తయారీ ఆగిపోతుంది. లెక్క సున్నాకి కూడా పడిపోవచ్చు. డాక్టరుకి ఆ సంగతి దాచకండి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. అందువల్ల ఇవాళ మానేస్తే రేపటికి బాగుపడదు. నెలలు పడుతుంది.

సరే. పరీక్షలయ్యాయి. ట్యూబులు బాగున్నాయి. భర్త రిపోర్టు బాగుంది. అండం విడుదల కావడమే అసలు ఇబ్బంది అని తేలింది. థైరాయిడ్, ప్రోలాక్టిన్ అనే హార్మోన్ కూడా చూసి ఉంటారు. అవి తేడాగా ఉంటే ముందు వాటికే మందు. ఇప్పుడు లెట్రోజోల్ వంతు.

ఇక్కడ తారీఖు చాలా ముఖ్యం. ఒకటో రోజు ఏది? చుక్క కనిపించిన రోజు కాదు. నెలసరి సరిగ్గా మొదలైన రోజు. రాత్రి పొద్దుపోయాక మొదలైతే ఏ రోజు లెక్కో మీ డాక్టరుని అడిగి పెట్టుకోండి. మాత్ర రెండో రోజు నుంచో, మూడో రోజు నుంచో మొదలవుతుంది. రోజూ ఒకే వేళకి, ఐదు రోజులు. ఒక రోజు మరిచిపోతే మర్నాడు రెండు కలిపి మింగకండి. ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి. అసలు నెలసరే రానివాళ్ళు మొదలుపెట్టేది ఎలా? గర్భం లేదని తేల్చుకుని, నెలసరి రావడానికి డాక్టరు వేరే మాత్రలు ఇస్తారు. అవి ఆపిన కొద్ది రోజులకి నెలసరి వస్తుంది. అక్కడి నుంచి లెక్క.

పాత చీటీతో వచ్చే ఇబ్బంది ఇక్కడే. "మా తోడికోడలికి ఈ మాత్రతోనే నిలిచిందండీ, ఆ చీటీ చూపించి తెచ్చుకున్నాను" అంటారు. నెలసరి వచ్చిన పదో రోజున మొదలుపెడతారు. ఏం లాభం? ఫాలికల్‌ని ఎంచుకునే రోజులు దాటిపోయాయి. ఇంకా ఘోరం, కడుపుతో ఉండి తెలియక వేసుకునేవాళ్ళూ ఉంటారు. తోడికోడలి మాత్ర మంచిదే. ఆమె ఇబ్బందే మీకూ ఉందని, ఆమెకి సరిపోయిన మోతాదే మీకూ సరిపోతుందని ఎవరు చెప్పారు?

ఆ ఐదు రోజుల్లో కొందరికి తలనొప్పి, నీరసం, ఒంట్లో ఆవిర్లు వస్తాయి. తగ్గిపోతాయి. క్లోమిఫిన్ వాడేవాళ్ళకి చూపు మసకబారినా, కళ్ళ ముందు మెరుపులు కనిపించినా మాత్ర ఆపి వెంటనే డాక్టరుకి చెప్పాలి.

తర్వాత స్కాన్లు. ఫాలిక్యులర్ స్టడీ అని రాస్తారు. పల్లె నుంచి వచ్చేవాళ్ళకి ఇదే కష్టం. బస్సు ఛార్జీలు, కూలి పోవడం, మళ్ళీ రెండు రోజులకి రమ్మనడం. అందుకని మాత్ర ఒక్కటీ వేసుకుని స్కాన్ మానేస్తారు. మాత్ర పని ఒక్కటే అన్నాను కదా. ఆ పని చేసిందో లేదో చూసేది ఈ స్కానే. పదో రోజు దగ్గర మొదలుపెట్టి చూస్తారు. ఎదిగే ఫాలికల్ రోజుకి రెండు మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది. పద్దెనిమిది, ఇరవై మిల్లీమీటర్లకి వస్తే అండం సిద్ధమని లెక్క. ప్రతి నెలా ఇన్ని స్కాన్లు అందరికీ అక్కర్లేదు. మొదటి నెల మాత్రం తప్పించుకోకండి. ఎక్కువ ఫాలికల్స్ పెరిగాయని తేలితే ఆ నెల కలవొద్దని డాక్టరు చెబుతారు. ముగ్గురు, నలుగురు ఒకేసారి కడుపున పడితే తల్లికీ పిల్లలకీ ప్రమాదం. నెల పోయిందని బాధపడకండి. స్కాన్లకి తిరగడం నిజంగా కుదరకపోతే అదే చెప్పండి. నెలసరి రావడానికి వారం ముందు ప్రొజెస్టిరాన్ రక్త పరీక్ష చేస్తే అండం విడుదలైందో లేదో తెలుస్తుంది.

ఫాలికల్ పండిన తర్వాత కొందరికి హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తారు. అండం సుమారు 36 గంటలకి విడుదలవుతుంది. భార్యాభర్తలు ఏ రోజుల్లో కలవాలో డాక్టరు చెబుతారు. సిగ్గుపడకుండా రాసుకోండి. విడుదలైన అండం బతికేది ఒక్క రోజే. వీర్యకణాలు లోపల ఐదు రోజుల వరకూ ఉంటాయి. అందుకే రోజు తప్పించి రోజు కలిస్తే సరిపోతుంది. భర్త దూరంగా ఉద్యోగం చేస్తుంటే, ఆ వారం సెలవు దొరికే నెలలోనే మాత్ర మొదలుపెట్టండి. అతను దుబాయ్‌లో ఉంటే ఇక్కడ ఆమె మాత్ర మింగి ఏం ప్రయోజనం?

ఆ ఇంజెక్షన్‌తో ఒక తికమక ఉంది. గర్భ పరీక్ష పట్టీ వెతికేది కూడా హెచ్‌సీజీ హార్మోన్‌నే. ఇంజెక్షన్ చేయించుకున్న వారానికే పరీక్ష చేసుకుంటే గర్భం లేకపోయినా రెండు గీతలు రావచ్చు. అది ఇంజెక్షన్ గీత. బిడ్డ గీత కాదు. ఇంటిల్లిపాదికీ స్వీట్లు పంచాక నెలసరి వస్తే ఆ దుఃఖం చెప్పనలవి కాదు. రెండు వారాలు ఓపిక పట్టండి. డాక్టరు చెప్పిన తారీఖునే పరీక్ష చేయండి.

మాత్రకి లొంగకపోతే ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు ఉంటాయి. మోటారుతో పని లేకుండా హార్మోన్‌ని నేరుగా ఇచ్చేయడం. టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతిలోనూ ఇవే వాడతారు. తొలిరోజుల్లో ఈ మందు ఎక్కడి నుంచి వచ్చేదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. ముట్లు ఆగిన ఆడవాళ్ళలో అండాశయం స్పందించదు. ట్యాంకు నిండదు. మోటారు ఆగకుండా తిరుగుతుంది. దాంతో వాళ్ళ మూత్రంలో ఆ హార్మోన్లు పుష్కలంగా ఉంటాయి. ఇటలీలో పియెరో డొనీనీ అనే శాస్త్రవేత్త వాటిని మూత్రం నుంచి వేరు చేశాడు. పెద్ద ఎత్తున కావాలంటే అంత మూత్రం ఎక్కడ దొరుకుతుంది? క్రైస్తవ మఠాల్లో ఉండే వయసు మళ్ళిన సన్యాసినులు ఇచ్చారు. బ్రూనో లూనెన్‌ఫెల్డ్ అనే డాక్టరు ఇజ్రాయెల్‌లో ఆ మందు వాడారు. 1962లో ఒక ఆడపిల్ల పుట్టింది. తమకి పిల్లలు వద్దనుకున్న తల్లుల దయతో పుట్టిన పిల్ల.

ఈ ఇంజెక్షన్లు శక్తి గలవి. పర్యవేక్షణ లేకుండా వాడకూడదు. వీటి తర్వాత పొట్ట బాగా ఉబ్బినా, ఆగకుండా వాంతులైనా, ఒకటి రెండు రోజుల్లోనే బరువు పెరిగినా, మూత్రం తగ్గినా, ఊపిరి ఆడకపోయినా తెల్లారేదాకా ఆగకండి. అదే రాత్రి ఆస్పత్రికి వెళ్ళండి. అండాశయాలు మోతాదు మించి స్పందించాయేమో చూడాలి.

ఇవన్నీ జరుగుతున్నప్పుడు ఫోలిక్ యాసిడ్ మాత్ర మరిచిపోకండి. రోజుకి 400 మైక్రోగ్రాములు. గర్భం నిలిచాక మొదలుపెట్టేది కాదు, కనీసం నెల ముందు నుంచే వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము రూపు కట్టడం చాలాసార్లు తల్లికి గర్భం సంగతి తెలిసేలోపే మొదలవుతుంది.

చివరిగా చాలామంది అడిగే ప్రశ్న. "మూడు నెలలు వాడామండీ, ఫలితం లేదు. డాక్టరుని మార్చమంటారా?" మార్చే ముందు ఒక్క సంగతి తెలుసుకోండి. ఆ మూడు నెలల్లో అండం విడుదలైందా, లేదా? విడుదల కాకపోతే మోతాదు చాలలేదు. రెండున్నర నుంచి ఐదు, ఏడున్నర మిల్లీగ్రాముల వరకూ పెంచుతారు. బరువు ఎక్కువున్నవాళ్ళు ఐదు శాతం తగ్గినా మందు బాగా పట్టొచ్చు. విడుదలైనా గర్భం నిలవకపోతే? మాత్ర తన పని చేసింది. మోతాదు పెంచితే లాభం లేదు. ఇంకొన్ని నెలలు అదే మోతాదులో చూడొచ్చు. సాధారణంగా ఆరు నెలల లోపే తర్వాతి దారి ఆలోచిస్తారు. వయసు 35 దాటితే అంతకంటే ముందే.

కొత్త డాక్టరు దగ్గరికి వెళ్తే పాత స్కాన్ కాగితాలు తీసుకెళ్ళండి. ఏ నెలలో ఎంత మోతాదు, ఏ రోజున ఫాలికల్ ఎన్ని మిల్లీమీటర్లు, ఇంజెక్షన్ ఏ తారీఖున, భర్త రిపోర్టు ఎక్కడ. ఇవి లేకపోతే వాళ్ళు మళ్ళీ రెండున్నర మిల్లీగ్రాముల నుంచే మొదలుపెడతారు.